లక్షన్నరలో పాత టూరింగ్ బైకు: ఎవరికి ఏది సరిపోతుంది

దూర ప్రయాణాలకు పాత బైకు కొనాలనుకునేవారు మొదట అడిగేది ‘ఎన్ని సీసీ ఉండాలి?’ అని. నన్నడిగితే అది నాలుగో ప్రశ్న. మొదట అడగాల్సింది ఇది: వెనక ఒక మనిషి, రెండు పక్కలా సంచులు, నిండా పెట్రోలు, పైగా ఎదురుగాలి. ఇంత బరువుతో ఆ బండి గంటకు 80 కిలోమీటర్ల వేగాన్ని పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిబ్బరంగా నిలబెట్టుకుంటుందా? ఆ 80 నేను ఊహించి చెప్పిన అంకె కాదు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం నాలుగు వరసల రహదారుల మీద ద్విచక్ర వాహనాల గరిష్ఠ వేగం అదే.

హైదరాబాద్ నుంచి విజయవాడ మీదుగా విశాఖపట్నానికి సుమారు 620 కిలోమీటర్లు. ముల్లును 80 దగ్గర నిలిపి నడిపితే, ఊళ్లలో రద్దీ, జంక్షన్లు, రోడ్డు పనులు అన్నీ పోను సగటు 65 దగ్గర తేలుతుంది. అంటే బండి మీద కూర్చునేది తొమ్మిదిన్నర గంటలు. చట్టాన్ని పక్కనపెట్టి 95తో నడిపినా సగటు 75 దాటడం కష్టం. మిగిలేది గంటంబావు. ఆ గంటంబావు కోసం యాభై వేలు ఎక్కువ పెట్టి, స్పీడ్ గన్ చలానాలు కట్టుకోవడం కంటే, దిగాక నడుము పట్టేయని బండి కొనడం మేలు.

అలాగని పెద్ద ఇంజన్ వృథా అనడం లేదు. అది అక్కరకొచ్చేది గరిష్ఠ వేగానికి కాదు, 60లో పోతున్న లారీని దాటి 80కి చేరడానికి పట్టే ఆ కొద్ది సెకన్లకు. ఒక్కరే వెళ్లేటప్పుడు ఆ తేడా చిన్నది. ఇద్దరు, సామాను, పైగా ఎత్తు ఎక్కే రోడ్డు అయితే ఆ తేడా చాలా పెద్దది. కాబట్టి ఒంటరిగా తిరిగేవారికి ఒక జాబితా, జంటగా తిరిగేవారికి మరో జాబితా ఉండాలి. రెండింటినీ కలిపి ‘అన్నిటికన్నా మంచి బైకు ఏది’ అని అడిగితే జవాబు దొరకదు.

డబ్బు సంగతి ముందే తేల్చుకుందాం. చేతిలో లక్షన్నర ఉంటే బండికి లక్షా ఇరవై వేలు మించి పెట్టవద్దు. మిగతా ముప్పై వేలు టైర్లు, చైన్ స్ప్రాకెట్ (చైను, అది తిరిగే పళ్ల చక్రాలు), బ్రేక్ ప్యాడ్లు, బ్యాటరీ, ఆయిల్, బీమా, పేరు మార్పిడి కింద కరిగిపోతాయి. పాత బండిలో ఇవన్నీ కొత్తగా ఉన్నాయని అమ్మేవారు చెబుతారు. అన్నీ కొత్తగా ఉన్న బండిని ఎవరూ అమ్మరు.

ఇద్దరు వెళ్లాలంటే: డోమినార్ 400

బజాజ్ డోమినార్ 2016 డిసెంబరులో వచ్చింది. 373 సీసీ ఇంజన్, నీటితో చల్లబడే వ్యవస్థ, ఆరు గేర్లు. మొదటి రకం 35 హార్స్‌పవర్ ఇచ్చేది. 2019లో ఇంజన్ పైభాగాన్ని మార్చి 40కి పెంచారు, ముందు ఫోర్కులను (ముందు చక్రాన్ని పట్టుకునే షాక్ అబ్సార్బర్ గొట్టాలను) తలకిందుల రకానికి మార్చారు. పాత మార్కెట్లో ఈ రెండిటి మధ్య ధరలో తేడా పాతిక ముప్పై వేలు ఉంటుంది. అది ఇచ్చుకోదగ్గ తేడానే. 2019 బండిలో అదురు తగ్గింది, గతుకుల మీద ముందు చక్రం కుదురుగా ఉంటుంది. పాత రకం కొంటే ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) ఉందో లేదో కళ్లతో చూసుకోండి. మొదట్లో ఏబీఎస్ లేని బండ్లు కూడా అమ్మారు. 125 సీసీ దాటిన అన్ని బండ్లకూ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచే.

బరువుతో వెళ్లేటప్పుడు దీని విలువ తెలుస్తుంది. భార్యాభర్తలు, మూడు రోజుల బట్టలు పెట్టుకుని కర్నూలు దాటి బెంగళూరు వైపు వెళ్తున్నారనుకోండి. ఆరో గేరులో 80 దగ్గర ఇంజన్ దాదాపు నిద్రపోతున్నట్టు ఉంటుంది. లారీని దాటాలంటే ఒక గేరు తగ్గిస్తే చాలు, గుండె అదరదు. బండి బరువు 180 కిలోల పైమాటే కాబట్టి పక్కన బస్సు దూసుకుపోయినా ఊగదు. అల్లాయ్ చక్రాలు, ట్యూబులెస్ టైర్లు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ దూర ప్రయాణంలో పెద్ద విషయం. మేకు దిగితే మూడు వందల రూపాయల పంక్చర్ కిట్టు, చిన్న గాలి పంపు ఉంటే చక్రం విప్పకుండానే పది నిమిషాల్లో బయలుదేరవచ్చు.

లోపాలూ ఉన్నాయి. ట్యాంకు 13 లీటర్లే. లీటరుకు 27, 28 కిలోమీటర్లు వేసుకున్నా 350 దాటితే బంకు వెతుక్కోవాలి. నగరంలో ట్రాఫిక్‌లో ఆగితే రేడియేటర్ ఫ్యాన్ వేడిగాలిని కాళ్ల మీదికి కొడుతుంది. మే నెలలో అమీర్‌పేట, బెంజ్ సర్కిల్ లాంటి చోట్ల అది శిక్షే. మొదటి రకం ఇంజన్‌కు మూడు స్పార్క్ ప్లగ్గులు. మార్చేటప్పుడు ఖర్చు మూడింతలు, ఒక ప్లగ్గు దగ్గరికి చెయ్యి పోవడమూ కష్టం. అందుకే కొందరు మెకానిక్కులు రెండే మార్చి మూడూ మార్చామంటారు. కొనేముందు కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) డబ్బా చూడండి. స్థాయి గీతల మధ్య ఉండాలి, రంగు స్వచ్ఛంగా ఉండాలి. తుప్పు రంగులో ఉన్నా, మామూలు నీళ్లు పోసినట్టు కనిపించినా ఆ బండి యజమాని మిగతావీ అలాగే చూసుకుని ఉంటాడు.

డోమినార్ 250 కూడా ఉంది, 2020లో వచ్చింది. 27 హార్స్‌పవర్. దాదాపు అంతే బరువున్న శరీరానికి చిన్న గుండె. ఒక్కరికి సరిపోతుంది. ఇద్దరికని చూస్తుంటే 400 దగ్గరే ఆగండి.

రోడ్డు బాగోలేని చోటికి: హిమాలయన్ 411

రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 2016 మార్చిలో వచ్చి, 2023 చివర్లో 450 సీసీ బండికి చోటిచ్చి తప్పుకుంది. పాత మార్కెట్లో ఈ ధరకు దొరికేవి ఈ 411 సీసీ బండ్లే. కాగితం మీద 24.5 హార్స్‌పవర్. డోమినార్ పక్కన పెడితే తీసికట్టుగా కనిపిస్తుంది. కానీ 80 లెక్కలో చూస్తే ఇది ఏ మాత్రం తీసిపోదు. టార్కు, అంటే చక్రాన్ని తిప్పే బలం, కింది వేగాల్లోనే అందుతుంది కాబట్టి ఇద్దరిని ఎక్కించుకుని ఘాట్ రోడ్డులో మూడో గేరులో నెమ్మదిగా లాక్కుపోతుంది. 100 దాటించాలని చూస్తే మాత్రం గింజుకుంటుంది. ఈ బండి మీద 110తో వెళ్లాలనుకునేవాళ్లు దీన్ని కొని మూడు నెలల్లో అమ్మేస్తుంటారు. మంచి బండ్లు మార్కెట్లోకి వచ్చేది ఎక్కువగా వాళ్ల చేతుల్లోంచే.

దీని బలమంతా కింద ఉంది. ముందు చక్రం 21 అంగుళాలు, ఫోర్కులు 200 మిల్లీమీటర్లు దిగుతాయి, నేలకు 220 మిల్లీమీటర్ల ఎడం. మారేడుమిల్లి దాటి చింతూరు వైపో, పాడేరు నుంచి లంబసింగి వైపో వానాకాలం తర్వాత వెళ్లినవారికి ఈ అంకెల అర్థం తెలుసు. గుంతను చూసి బ్రేకు వేయడానికీ, చూసి లేచి నిలబడి దాటేయడానికీ మధ్య ఉన్న తేడా అది. ట్యాంకు 15 లీటర్లు, లీటరుకు 30 చొప్పున 450 కిలోమీటర్లు వస్తుంది. వెనక సామాను కట్టుకునే ఇనుప ర్యాకు, ట్యాంకు పక్కల ఫ్రేము కంపెనీవే. అంటే మరో పది వేలు మిగిలినట్టు.

ఏ ఏడాది బండి? 2016లో వచ్చిన కార్బురేటర్ బండ్ల మీద ఫిర్యాదులు ఎక్కువ, అవి ఎంత చవగ్గా వచ్చినా వదిలేయండి. 2017 చివర్లో కార్బురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ (పెట్రోలును కొలిచి చిమ్మే పద్ధతి), 2018లో ఏబీఎస్ వచ్చాయి. 2018, 2019 బండ్లు ధరకూ గుణానికీ మధ్య సరైన చోట ఉన్నాయి. 2020 తర్వాతి బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండ్లలో వెనక ఏబీఎస్‌ను మట్టిరోడ్డు మీద ఆపుకునే మీట ఇచ్చారు. దాని కోసం ప్రత్యేకంగా ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు.

హిమాలయన్ చూడటానికి వెళ్తే ఒక పరీక్ష తప్పకుండా చేయండి. సెంటర్ స్టాండ్ వేసి, ఒకరిని వెనక ర్యాకు మీద బరువు మోపమనండి. ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. హ్యాండిల్‌ను రెండు వేళ్లతో పట్టుకుని ఎడమ నుంచి కుడికి మెల్లగా తిప్పండి. సరిగ్గా మధ్యలో, చక్రం నేరుగా ఉన్నచోట, ఏదో గాడిలో పడ్డట్టు చిన్నగా ఆగితే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) పోయినట్టే. తర్వాత ముందు చక్రం దగ్గర కూర్చుని ఫోర్కుల కింది భాగాన్ని రెండు చేతులా పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగండి. ‘టక్’ మని చప్పుడొస్తే బేరింగులు వదులయ్యాయి. ఈ బండికి ఇది బాగా తెలిసిన జబ్బు, బాగుచేయలేనిది కాదు. బేరంలో మూడు నాలుగు వేలు తగ్గించుకుని కొనవచ్చు.

దీని నిజమైన బలహీనత చువ్వల చక్రాలు, ట్యూబు టైర్లు. వెనక టైరు పంక్చరైతే చక్రం విప్పాలి, టైరు ఊడదీయాలి. నల్లమలలో శ్రీశైలం రోడ్డు మీద ఇలాంటిది సాయంత్రం ఏడింటికి జరిగితే ఊహించుకోండి. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూసేస్తారు, మళ్లీ తెల్లవారి ఆరుకే తెరుస్తారు. కాబట్టి ఈ బండి కొంటే ఒక కొత్త ట్యూబు, రెండు టైరు లివర్లు, యాక్సిల్ నట్టుకు సరిపోయే పానా సామానులో భాగం కావాలి. వాటితో పని ఇంటి దగ్గర ఒకసారి చేసి చూసుకోవాలి.

ఒక్కరే, తీరిగ్గా: పాత 350లు

థండర్‌బర్డ్ 350ని రాయల్ ఎన్‌ఫీల్డ్ 2020లో ఆపేసింది. నా దృష్టిలో మన రోడ్ల మీద ఒంటరి ప్రయాణానికి ఇంకా ఇంత అనువైన పాత బండి తక్కువ. 2012లో రూపం మార్చినప్పుడు దానికి 20 లీటర్ల ట్యాంకు పెట్టారు. ఒకసారి నింపితే హైదరాబాద్ నుంచి తిరుపతి చేరిపోవచ్చు. కాళ్లు కాస్త ముందుకు చాపి కూర్చునే తీరు, వెనక డిస్క్ బ్రేకు. 346 సీసీ ఇంజన్ ఇరవై హార్స్‌పవర్ లోపే ఇస్తుంది, 75, 80 దగ్గర హాయిగా కొట్టుకుంటుంది. 90 దాటిందా, అద్దాల్లో వెనక బండి కనిపించదు, ఉత్త మసక కనిపిస్తుంది. అదే ఇంజన్ ఉన్న 2009–2020 నాటి క్లాసిక్ 350 కూడా ఇంచుమించు ఇదే, ట్యాంకు మాత్రం చిన్నది. ఎక్కువమంది అడిగేది క్లాసిక్‌నే కాబట్టి దాని ధర ఎక్కువ. అందం కావాలంటే క్లాసిక్, ప్రయాణం కావాలంటే థండర్‌బర్డ్.

ఈ ఇంజన్‌లో చూడాల్సింది స్ప్రాగ్ క్లచ్, అంటే సెల్ఫ్ స్టార్ట్ మోటారు బలాన్ని ఇంజన్‌కు అందించే భాగం. సెల్ఫ్ స్టార్ట్ నొక్కితే లోపల గరగర చప్పుడొచ్చి, ఇంజన్ తిరగకుండా జారినట్టు అనిపిస్తే అది పోతోందని అర్థం. బాగుచేయాలంటే ఇంజన్ పక్క మూత విప్పాలి, ఖర్చు వేలల్లో ఉంటుంది. అమ్మేవారు ముందే బండి వేడి చేసి పెట్టి, ‘కిక్ కొట్టి చూడండి, ఒక్క కిక్కుకే స్టార్టవుతుంది’ అని గొప్పగా చెబుతుంటే, నవ్వి, ఇంజన్ చల్లారాక బటన్‌తో నాలుగుసార్లు స్టార్ట్ చేయండి.

ధర గురించి ఒక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు కొత్త బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. 350 దాటినవాటి మీద 40 శాతానికి పెరిగింది. దీంతో కొత్త క్లాసిక్, మీటియోర్, హంటర్ ధరలు వేలల్లో దిగాయి. కొత్తది చవకైతే పాతదీ చవక కావాలి. కానీ చాలామంది అమ్మకందార్లు పాత ధరల్నే పట్టుకుని కూర్చున్నారు. 350 బండికి బేరమాడేటప్పుడు కొత్త బండి ఆన్ రోడ్ ధర ఫోనులో తెరిచి ముందు పెట్టండి. మూడేళ్ల బండికి కొత్త ధరలో నాలుగింట మూడు వంతులు అడుగుతుంటే లేచి వచ్చేయండి. డోమినార్, హిమాలయన్ విషయంలో ఈ ఎత్తు పారదు. వాటి వర్గంలో కొత్త బండ్ల మీద పన్ను పెరిగింది కాబట్టి మంచి పాత బండికి గిరాకీ ఉంటుంది.

2020 నవంబరులో వచ్చిన మీటియోర్ 350, 2021లో కొత్త ఇంజన్‌తో వచ్చిన క్లాసిక్, హోండా హైనెస్ సీబీ350 పాత 350ల అదురు జబ్బును చాలావరకు వదిలించుకున్నాయి. మీటియోర్ సీటు ఎత్తు 765 మిల్లీమీటర్లే, పొట్టివారికి వరం. డబ్బు కాస్త ఎక్కువ ఉంటే వీటి వైపు చూడవచ్చు. లక్షన్నరలో మాత్రం బాగా తిరిగినవే దొరుకుతాయి. హైనెస్ చక్కటి బండి, ఇంజన్ నునుపు. కానీ దాని సర్వీసు హోండా బిగ్‌వింగ్ షోరూముల్లోనే. మీ ఊరికి అది ఎంత దూరమో చూసుకుని అడుగు వేయండి. నరసరావుపేటలోనో, సిరిసిల్లలోనో ఉండేవారికి ప్రతి సర్వీసూ ఒక ప్రయాణమే.

డెబ్బై వేల లోపే ఉంటే

బజాజ్ అవెంజర్ 220. పేరు వినగానే పెదవి విరిచేవారుంటారు, విరవనివ్వండి. 220 సీసీ, 19 హార్స్‌పవర్, 737 మిల్లీమీటర్ల సీటు ఎత్తు, లీటరుకు 35 పైన మైలేజీ. ఒక్కరే 80తో రోజంతా పోవచ్చు. ఈ ధరలో దీనికి దీటైన కుర్చీ లేదు. విడిభాగాలు మండల కేంద్రాల్లోనూ దొరుకుతాయి, పల్సర్ బాగుచేసే ఏ మెకానిక్కయినా దీన్ని బాగుచేస్తాడు. లోటు వెనక సస్పెన్షన్. బరువంతా తుంటి మీద పడే కూర్చునే తీరు కాబట్టి గతుకు తగిలితే నేరుగా వెన్నుకు తెలుస్తుంది. వెనక కూర్చునేవారికి మరీను. అందుకే దీన్ని ఒంటరివారికే సిఫార్సు చేస్తాను. 2019కి ముందు బండ్లలో ఏబీఎస్ లేదు, ముందు టైరు మంచిది వేయించుకోండి.

పల్సర్ 220, యమహా ఎఫ్‌జెడ్25, ఫేజర్ 25, సుజుకి జిక్సర్ ఎస్‌ఎఫ్ 250 కూడా ఈ ధరకు అటూ ఇటుగా దొరుకుతాయి. ఇంజన్లు గట్టివి. పల్సర్ 220, జిక్సర్ ఎస్‌ఎఫ్‌లలో కాస్త ముందుకు వంగి కూర్చోవాలి. ఇరవై ఏళ్ల కుర్రాడికి ఫరవాలేదు, నలభై దాటాక మణికట్లు మాట వినవు. అడవి దారులు, మట్టి రోడ్లు ఇష్టమై హిమాలయన్‌కు డబ్బు చాలనివారు హీరో ఎక్స్‌పల్స్ 200 చూడవచ్చు. హిమాలయన్ కంటే నలభై కిలోల దాకా తేలిక, పడినా ఒక్కరే లేపుకోవచ్చు. కానీ 80 దగ్గర అది తన శక్తినంతా వాడేస్తోందన్న సంగతి మీకే తెలుస్తుంది. సీటు ఎత్తు 823 మిల్లీమీటర్లు. అయిదున్నర అడుగుల లోపు వారు ఎక్కి చూడకుండా బయానా ఇవ్వవద్దు.

చౌకగా దొరికి ఊరించేవి

మహీంద్రా మోజో 300 గురించి తెలిసినవారు దాన్ని మరిచిపోలేరు. 2015లో వచ్చింది. 21 లీటర్ల ట్యాంకు, నీటితో చల్లబడే ఇంజన్, నునుపైన నడక, ఇద్దరికీ సరిపోయే సీటు. ఈ వ్యాసంలోని 80 పరీక్షలో దానికి పూర్తి మార్కులు వేయవచ్చు. పాత మార్కెట్లో ధర చూస్తే నమ్మబుద్ధి కాదు. ఆ ధరకు కారణం విడిభాగాలు. క్లచ్ కేబుల్ దొరకక నెల రోజులు బండిని షెడ్డులో పెట్టుకోగల ఓపిక, మరో బండి, తెలిసిన మెకానిక్ ఈ మూడూ ఉన్నవారికే అది. హోండా సీబీఆర్ 250ఆర్ సంగతీ దాదాపు అంతే. ఇంజన్ ఏళ్ల తరబడి నడుస్తుంది, ప్లాస్టిక్ ముక్క విరిగితే మాత్రం వెతుక్కోవాలి. పడిపోయిన సీబీఆర్‌ను ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోకండి.

చూడటానికి వెళ్లినప్పుడు

ఉదయం వెళ్లండి. ‘ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఉంచండి’ అని ముందురోజే చెప్పండి. వెళ్లగానే సైలెన్సర్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే చల్లటి ఇంజన్ చేసే చప్పుడు మీ చెవిన పడకూడదని వాళ్లు అనుకున్నట్టే.

మీటరును నమ్మవద్దు. మీటరులో 18 వేలుండి, కాళ్లు పెట్టే రబ్బర్లు అరిగి నునుపెక్కి ఉంటే ఏదో ఒకటి అబద్ధం, రబ్బరు అబద్ధమాడదు. ముందు డిస్క్ అంచున వేలితో తడమండి. అంచు గట్టులా తేలి ఉంటే బండి బాగానే తిరిగింది. వెనక స్ప్రాకెట్ చివర చైనును పట్టుకుని వెనక్కి లాగండి. స్ప్రాకెట్ పళ్లు సగం దాకా బయటికి కనిపిస్తే చైన్ సెట్ మార్చాలి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది: 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. గాట్లు ఎంత లోతుగా ఉన్నా, అయిదారేళ్లు దాటి గట్టిపడ్డ టైరుతో తడి రోడ్డు మీదికి వెళ్లకూడదు.

వరద బండ్ల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. 2020 అక్టోబరు వానల్లో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో వేల బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అవన్నీ తుక్కుకు పోలేదు, కడిగి మెరుగుపెట్టినవి ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. సీటు తీసి బ్యాటరీ పెట్టె మూలలు చూడండి. ఎండిన సన్నటి ఒండ్రు ఎక్కడో ఒకచోట మిగిలే ఉంటుంది. హెడ్‌లైటు లోపలి అద్దం మీద నీటి గీత, వైర్ల కనెక్టర్లలో పచ్చటి చిలుము కనిపిస్తే ధర అడగకుండానే తిరిగి రండి. ఇంజెక్షన్, ఏబీఎస్ ఉన్న బండికి నీళ్లు తగిలితే జబ్బు ఎప్పుడు ఎక్కడ తేలుతుందో మెకానిక్కు కూడా చెప్పలేడు.

నడిపి చూడటమంటే వీధి చివరి దాకా వెళ్లి రావడం కాదు. ప్రయాణాల్లో మీ వెనక కూర్చునేవారినే తీసుకెళ్లండి, హైవే ఎక్కండి. హైదరాబాద్‌లో అయితే అవుటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గంలోకి బైకులను అనుమతించరు, సర్వీసు రోడ్డో విజయవాడ హైవేనో చూసుకోవాలి. పై గేరులో 80 దగ్గర నిలిపి అద్దంలో చూడండి. వెనక కారు నంబరు ప్లేటు చదవగలిగితే రోజంతా నడిపినా చేతులు తిమ్మిరెక్కవు. చదవలేకపోతే మూడో గంటకే ఎక్కుతాయి. తిరిగొచ్చాక మీరు కాదు, వెనక కూర్చున్నవారు ఏమన్నారో వినండి. జంటగా తిరిగే బండికి నిర్ణయం వారిదే కావాలి.

2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బండ్లు 20 శాతం ఇథనాల్ పెట్రోలును దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. కార్బురేటర్ ఉన్న పాత థండర్‌బర్డ్, అవెంజర్ కొంటే పెట్రోలు పైపులు, కార్బురేటర్ వాషర్లు ఒకసారి కొత్తవి వేయించండి. ఖర్చు కొన్ని వందలే.

కాగితాలు

రెండు రాష్ట్రాలయ్యాక మనకు ఒక చిక్కు వచ్చింది. హైదరాబాద్‌లో బండ్లు ఎక్కువ, ధరలు తక్కువ. గుంటూరు నుంచో రాజమండ్రి నుంచో వచ్చి కొనుక్కుపోయేవారు చాలామంది. టీఎస్ లేదా టీజీ నంబరు బండిని ఆంధ్రప్రదేశ్‌లో మీ పేరిట మార్చుకోవాలంటే ఫారం 28తో ఎన్‌ఓసీ (పాత రాష్ట్రం ఇచ్చే నిరభ్యంతర పత్రం) తేవాలి, ఇక్కడ బండి వయసును బట్టి జీవితపన్ను మళ్లీ కట్టాలి. ఆ పన్ను ఎంతో రవాణా శాఖలో ముందే కనుక్కుని, దాన్ని బండి ధరలో కలిపి చూడండి. హైదరాబాద్‌లో పది వేలు మిగిలిందనుకున్నది అక్కడే పోవచ్చు. తెలంగాణలో ఉండి ఆంధ్ర నంబరు కొన్నా ఇదే లెక్క.

ఒకే రాష్ట్రంలోనైతే పేరు మార్పిడికి ఫారం 29, 30 చాలు. అప్పు మీద కొన్న బండి అయితే ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరుంటుంది. ఆ పేరు తీసేయించే ఫారం 35, అప్పు తీరిందని కంపెనీ ఇచ్చిన నో డ్యూ పత్రం లేకుండా డబ్బు ఇవ్వవద్దు. నంబరు కొట్టి ఈ-చలానాలు చూడండి. నగరంలో తిరిగిన బండి మీద అయిదారు వేలు బకాయి ఉండటం మామూలే, అది అమ్మేవారే కట్టాలి. ఆర్‌సీ 15 ఏళ్లకు ముగుస్తుంది. 2012 థండర్‌బర్డ్ కొంటే 2027లో రెన్యువల్, తనిఖీ, గ్రీన్ ట్యాక్స్ మీ మెడకే.

బీమాను చాలామంది మరిచిపోతారు. బండి చేతులు మారిన 14 రోజుల్లో పాలసీని మీ పేరిట మార్చమని బీమా కంపెనీకి దరఖాస్తు ఇవ్వాలి. పాత యజమాని పేరిటే ఉంటే, మీ బండికి జరిగిన నష్టానికి పరిహారం అడిగినప్పుడు కంపెనీ కాదనవచ్చు. పేరు మారే దాకా దూరం వెళ్లకుండా ఊళ్లోనే తిప్పండి. ఆయిల్ ఎక్కడ కారుతోంది, బ్యాటరీ రాత్రికి దిగిపోతోందా, ఫోర్కు సీలు చెమర్చిందా అన్నవి ఆ రెండు వారాల్లో ఇంటి ముందే బయటపడతాయి.